వెనక గదిలో బాతుపిల్లలు

మా వీధిలో ఎవరి కోడి పొదిగినా గుడ్లలో సగం మురిగిపోయేవి గాని, నా చుక్కల కోడి కూర్చుందంటే ఒక్క గుడ్డు వృథా అయ్యేది కాదు. ఇది నా గొప్ప కాదు, వీధంతా అనే మాటే. అందుకే ఆ వానాకాలం మొదట్లో దర్జీ భార్య సత్తుగిన్నెలో తవుడు పోసి, అందులో బాతుగుడ్లు సర్దుకుని మా గుమ్మంలోకి వచ్చింది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య నాలుగే ఇళ్ళు. దర్జీని నేను అన్నయ్య అనేదాన్ని. ఆమెకి నేను వదినని, నాకు ఆమె వదిన.

"నా బాతులకి గుడ్లు పెట్టడం వరకే తెలుసు వదినా. పెట్టాక వెనక్కి తిరిగి చూడవు. అమ్మతనం నీ కోడి దగ్గర నేర్చుకోవాలి" అంది.

"పొదిగితే నాకేంటి?"

"వచ్చిన పిల్లల్లో సగం నీకు, సగం నాకు. అందరూ చేసుకునేదేగా."

"ఒకటీ రాకపోతే?"

"నీ కోడి కాళ్ళు విరగ్గొడతా" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి కాళ్ళు విరగడం అనేది నవ్వుకునే మాటే.

ఆమె వెళ్ళాక వెనక గదిలో గడ్డి పరిచిన గంపలో గుడ్లు పెట్టి కోడిని కూర్చోబెట్టాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఇంత పెద్ద కోడి, దీని పొట్ట కింద ఇంకో రెండు పట్టవా అని, నా కోడిగుడ్లు రెండు తెచ్చి మధ్యలో దూర్చాను. కోడిగుడ్డుకి మూడు వారాలు, బాతుగుడ్డుకి నాలుగు. నాకు తెలియనిదా ఇది? కలిపి పెట్టాలంటే కోడిగుడ్లు ఒక వారం ఆగి పెట్టాలి. ఆశ పడ్డ చెయ్యి ఆగలేదు, అంతే.

మా ఆయన పోయి అప్పటికే చాలా ఏళ్ళు. కూతురు పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంది. ఇంట్లో నేనూ, మావాడూ. వాడు ఊళ్ళో తిరిగే బస్సుకి డ్రైవరు. పెళ్ళి కాలేదు ఇంకా. డ్యూటీ నుంచి రాగానే చొక్కా కొక్కేనికి తగిలించి, "మీ కోడిగారు ఎలా ఉన్నారు?" అని అడిగేవాడు. కోడి వాడిని చూసి గుర్రుమనేది. "మా కంట్రోలర్ కూడా ఇలాగే పలకరిస్తాడమ్మా" అనేవాడు.

అలా నవ్విన మనిషి ఒక మధ్యాహ్నం జోరువానలో, ఒంటి కాలికే చెప్పుతో, చొక్కా వీపు చిరిగి, పరుగెత్తుకుంటూ వచ్చాడు. నన్ను చూడకుండానే వెనక గదిలోకి పోయి కోడి పక్కన గోడకి చేరగిలబడ్డాడు.

"ఏమైందిరా?"

"మావయ్యని గుద్దేశానమ్మా."

"ఏ మావయ్యని?"

"దర్జీ మావయ్యని. స్టాండు మలుపులో. బట్టల మూట తడవకుండా పట్టుకుని నిలబడ్డాడు. బ్రేకు తొక్కాను, తొక్కుతూనే ఉన్నాను..."

"మనిషి ఎలా ఉన్నాడు?"

వాడు తల ఎత్తలేదు. "తెలీదు. నేను దిగి పారిపోయాను."

దర్జీని కండక్టరు ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడని సాయంత్రానికి తెలిసింది. ప్రాణానికి ముప్పు లేదు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. మిషను తొక్కే కాలు.

తల్లిగా ఆ క్షణంలో నేను చెయ్యాల్సిన పని ఏమిటో ఇప్పుడు ఎవర్ని అడిగినా చెబుతారు. నేను చేసింది మాత్రం తలుపు వెయ్యడం. మర్నాడు పొద్దున పాలామె చెంబులో పాలు పోస్తూ, "మీవాడేడీ?" అని అడిగితే, "వాళ్ళక్క ఇంటికి వెళ్ళాడు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోటికి అదే వచ్చింది. వచ్చిన అబద్ధాన్ని ఇక వదల్లేక వీధిలో అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాను. పాలామె రెండు రోజులు చూసి, "కొడుకు లేడంటారు, పాలు మాత్రం తగ్గించమనలేదేం?" అంది. ఆ రోజు నుంచి తగ్గించాను. వాడికి పోసి నేను మానేశాను.

ఎంక్వయిరీ అయిపోయాక కండక్టరు వచ్చాడు. మంచివాడు, గొంతు మాత్రం టికెట్లు అరిచి అరిచి డోలులా ఉండేది.

"వాడు లేడు నాయనా, అక్క ఇంటికి..."

"తెలుసమ్మా, విన్నాను. చాలా దూరం కదా ఆ ఊరు. అక్కడికి వినపడేట్టు చెప్పి పోతా." మా వెనక గది వైపు తిరిగి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. "బ్రేకు పైపు పగిలిందని తేలిందిరా! నీ తప్పు లేదని రాసేశారు! డ్యూటీకి రమ్మంటున్నారు!"

నాకు నేల చీలితే బాగుండుననిపించింది. అతను మంచినీళ్ళు తాగి, గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

నేను గదిలోకి పోయి, "విన్నావుగా. నీ తప్పు లేదట" అన్నాను.

"బ్రేకు ఆగకపోవడం బస్సు తప్పే" అన్నాడు వాడు, కోడి వంక చూస్తూ. "నేను ఆగకపోవడం దేని తప్పో అది కూడా రాశారా?"

అన్నం పెట్టి వచ్చేశాను.

అలా ఆ గదిలో కోడి ఒక మూల, మావాడు ఒక మూల. కోడి అయినా రోజుకి ఒకసారి లేచి గింజలు తిని, కాసేపు దుమ్ములో పొర్లి వచ్చేది. వాడు అదీ లేదు. వీధి చివర దర్జీ మిషను చప్పుడు ఆగిపోయింది. రోజంతా వినపడే చప్పుడు ఆగితే చెవుల్లో ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది. దర్జీ ఆసుపత్రి నుంచి పిండికట్టుతో ఇంటికి వచ్చాడని తెలిసింది. నాలుగిళ్ళు. నేను వెళ్ళలేదు. కూరలకి వెళ్ళాలన్నా వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. కుట్టాల్సిన జాకెట్టు బట్ట పెట్టెలోనే ఉండిపోయింది.

మూడు వారాలు నిండాయి. నా ఆశ రెండు కాళ్ళ మీద లేచి కిచకిచలాడింది. కోడిగుడ్లు రెండూ పిల్లలయ్యాయి. ఇక చుక్కల కోడికి ఆ గంపతో పని తీరింది. రెండు పిల్లల్నీ వెంటేసుకుని దర్జాగా పెరట్లోకి నడిచింది. పట్టుకొచ్చి కూర్చోబెడితే నా చెయ్యి పొడిచింది. గంప మూత వేస్తే లోపల గుడ్లని తొక్కబోయింది. బాతుగుడ్లు చల్లారిపోతున్నాయి.

అప్పుడు నా మనసులో ఏమొచ్చిందో కూడా చెబుతాను. పోతే పోనీలే అనుకున్నాను. పిల్లలు పుట్టకపోతే పంచుకునే పని ఉండదు. పంచుకునే పని లేకపోతే ఆమె మొహం చూసే పని ఉండదు. గుడ్లన్నీ ఒడిలోకి తీసుకుని పెంటకుప్ప వైపు నడుస్తుంటే మావాడు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మా?"

"కోడి వదిలేసిందిరా. ఇంకేం చేస్తాం?"

"లోపల బతికే ఉన్నాయిగా. ఇటివ్వు." ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇవి అత్తయ్యవమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటా అని నా ఒడిలోంచి గుడ్లన్నీ తీసుకున్నాడు.

ఇన్ని రోజుల్లో వాడు నన్ను అడిగిన మొదటి వస్తువు బల్బు. తర్వాత పాత కంబళి. గంపలో గడ్డి మార్చి, బల్బు కిందికి వేలాడదీసి, అరచెయ్యి పెట్టి వేడి చూసుకుంటూ కూర్చున్నాడు. కరెంటు పోతే చొక్కా విప్పి గుడ్లని కంబళితో సహా పొట్టకి హత్తుకునేవాడు. పొద్దునా సాయంత్రం తిప్పేవాడు. గోరువెచ్చని నీళ్ళు చిలకరించమని నేనే చెప్పాను. తల్లి బాతైతే తడి ఒంటితో వచ్చి కూర్చుంటుంది, ఆ తడి లేకపోతే పెంకు లోపలి పొర గట్టిపడి పిల్ల బయటికి రాలేదు. వేళ్ళు ముంచి చుక్కచుక్కగా రాల్చేది వాడి చెయ్యి. అంత పెద్ద బస్సు తిప్పిన చెయ్యి.

నాలుగో వారం చివర్లో ఒక పొద్దున కేకేశాడు. "అమ్మా, తలుపు కొడుతున్నారే!"

వీధి తలుపు దగ్గరికి పరుగెత్తాను. ఎవరూ లేరు. గదిలో వాడు గుడ్డు పట్టుకుని నవ్వుతున్నాడు. లోపలి నుంచి ముక్కుతో కొడుతోంది పిల్ల. ఆరు వచ్చాయి. రెండు రాలేదు. పసుపు ముద్దల్లా తడిసి, కళ్ళు తెరిచి, మొట్టమొదట చూసింది మావాడి గడ్డం మొహాన్ని. ఇక అంతే. వాటికి అమ్మ అంటే వాడే.

కోడిపిల్లల్ని పెంచినవాళ్ళు బాతుపిల్లలూ అంతే కదా అనుకుంటారు. కాదు. పొడి నూకలు వేస్తే గొంతులో అడ్డం పడతాయి, నానబెట్టి వెయ్యాలి. ప్రతి ముద్దకీ నీళ్ళ దగ్గరికి పరుగెత్తి ముక్కు కడుక్కుని మళ్ళీ వస్తాయి. నీళ్ళు దూరంగా పెడితే తిండి మానేస్తాయి. పోనీ నీళ్ళంటే బాతులకి ఇష్టం కదా అని తొట్టిలో వదిలితే చచ్చిపోతాయి. తల్లి ఒంటి నూనె అంటితేనే వాటి నూగుకి నీళ్ళు పట్టవు. తల్లి లేని పిల్ల తడిసి, చలికి బిగుసుకుపోతుంది. ఇవన్నీ చెబుతుంటే వాడు చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా విన్నాడు. వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పేర్చి, వాటి మధ్య మూతి మునిగేటన్ని నీళ్ళే పోశాడు. పాలకూర గోటితో తుంచేవాడు. పెరటి గోడ వార తవ్వి వానపాములు ఏరేవాడు.

"నేను పెడితే తినవేంరా?" అన్నాను ఒకరోజు.

"నీకు గడ్డం లేదు కదమ్మా."

ఎన్నాళ్ళకు నవ్వానో. నవ్వాక భయమేసింది. నవ్వు వీధిలోకి వినపడిందేమోనని.

వాడు లేస్తే లేచేవి, కూర్చుంటే వాడి పాదాల మీద కుప్పగా పడేవి. స్నానానికి వెళ్తే తలుపు బయట గగ్గోలు. పాలామె ఒకరోజు చెవి పెట్టి వింది. "బాతుపిల్లలకి మగగొంతు కూడా వచ్చిందే మీ ఇంట్లో!" అంది. నేను పాలచెంబు చూస్తూ నిలబడ్డాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించింది.

"దర్జీ భార్య ఏమందో తెలుసామ్మా? కుర్రాడు భయపడి పారిపోయాడు, సరేలే అంది. ఆవిడ కాళ్ళు బాగానే ఉన్నాయిగా, నాలుగిళ్ళు నడిచి రాలేకపోయిందా అంది."

ఆ రోజు వెనక సందులోంచి కూడా బయటికి వెళ్ళలేదు.

నూగు పోయి ఈకలు మొలవడం మొదలయ్యాక ఆ గది వాటికి చాలలేదు. పళ్ళెంలోకి ఆరూ ఒకేసారి ఎక్కి, రాళ్ళ మీద ఈత కొట్టబోయి బోర్లాపడేవి. వాటికి నీళ్ళు కావాలి. నీళ్ళున్నది వీధి చివర, దర్జీ ఇంటి పక్కన నిలిచే వాన మడుగులో. వాడు వాటిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు. పిల్లలు కొత్త మొహాన్ని చూసి బెదిరి మూలకి పోయాయి. "నేనేరా" అన్నాడు. గొంతు విని వచ్చేశాయి.

ఆ తర్వాత నేను వద్దు వద్దంటుండగానే వీధి తలుపు తీశాడు.

పట్టపగలు. వీధిలో అందరూ ఉన్నారు. మావాడు ముందు, వెనక ఒక వరసలో ఆరు బాతుపిల్లలు, తోకలు ఊపుకుంటూ. ఎవరో పకాలున నవ్వారు. ఎవరో, "అక్క ఊరు నుంచి నడిచే వచ్చాడా, చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడే!" అన్నారు. వాడి మెడ వెనక ఎర్రగా కందిపోవడం నాకు కిటికీలోంచి కనపడింది. నేను వీధి అరుగు వరకు వచ్చి స్తంభం వెనక నిలబడ్డాను. చెప్పిన అబద్ధమంతా అలా బారు తీరి నడిచిపోతుంటే ఎక్కడని దాక్కోను?

దర్జీ ఇంటి ముందు కాలవలో తేట నీళ్ళు పారుతున్నాయి. పిల్లలు అక్కడే ఆగిపోయాయి. రమ్మన్నా రావు. అరుగు మీద దర్జీ, పిండికట్టు కాలు పీట మీద చాచుకుని కూర్చున్నాడు. మావాడు నిలబడిపోయాడు. ఈసారి పరుగెత్తడానికి లేదు, ఆరు ప్రాణాలు కాళ్ళకి చుట్టుకుని ఉన్నాయి.

"ఏరా, అక్క ఇంటి నుంచి ఎప్పుడొచ్చావు?" అన్నాడు దర్జీ.

"నేను ఎక్కడికీ వెళ్ళలేదు మావయ్యా."

"తెలుసు. మీ పెరటి దండెం మీద నీ చొక్కాలు ఆరడం మా పెరట్లోకి కనపడుతూనే ఉంది. కుట్టినవాణ్ణి, నాకు తెలీవా?"

వాడు వంగి, పాదం మీదికెక్కిన పిల్లని పక్కకి జరిపాడు. తర్వాత, "నిన్ను వదిలేసి పారిపోయాను మావయ్యా" అన్నాడు. గట్టిగానే అన్నాడు. వీధంతా విన్నది.

"చూశాను. కింద పడి ఉండి నేను చూసింది అదే, నీ వీపు." దర్జీ కాలి కట్టు మీద చెయ్యి వేసి సర్దుకున్నాడు. "భుజం దగ్గర కుట్టు ఊడిపోయింది. అంత నొప్పిలోనూ, అరెరె, దారం నాసిరకం వేశానే అనుకున్నాను. తీసుకురా ఆ చొక్కా, మళ్ళీ కుడతాను." అని, తన కాలు వంక చూసుకున్నాడు. "కుడతాను అంటున్నా గాని, తొక్కడానికేదీ?"

"నేను తొక్కుతా."

దర్జీ వాణ్ణి కింద నుంచి పైదాకా చూశాడు. "నేను ఆపమన్నప్పుడు ఆపాలి మరి."

ఎవరూ నవ్వలేదు. మావాడు చెప్పులు విడిచి అరుగెక్కాడు.

ఆ సాయంత్రం వీధి చివర మిషను చప్పుడు మళ్ళీ మొదలయింది. మునుపటిలా కాదు. కాస్త పరుగు, ఠక్కున ఆగడం, మళ్ళీ పరుగు. దర్జీ పక్కకి ఒరిగి బట్ట జరుపుతుంటే, మావాడు ఎత్తుపీట మీద కూర్చుని పెడలు తొక్కుతున్నాడని, కత్తిరింపు పీలికల్లో బాతుపిల్లలు పడుకున్నాయని పాలామె చెప్పింది. రోజూ పొద్దున పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళేవాడు, సాయంత్రం వెంటేసుకుని వచ్చేవాడు. పిండికట్టు తీసేదాకా డ్యూటీకి రానని ఆఫీసులో చెప్పేశాడట. నాతో మామూలుగానే ఉన్నాడు. ఆ ఇంటి కబుర్లు మాత్రం ఒక్కటీ చెప్పేవాడు కాదు. నేనూ అడగలేదు. కొడుకు సిగ్గు వాడు వీధిలో వదిలేసి వచ్చాడు. నాది నా దగ్గరే ఉంది.

ఒక పొద్దున వాడు పెరట్లో పిల్లల పళ్ళెం కడుగుతున్నాడు. నేను కిటికీలోంచి చూస్తే దర్జీ భార్య మా ఇంటి వైపే వస్తోంది, కొంగు నడుముకి దోపుకుని. నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. వెనక గదిలోకి పోయి తలుపేసుకున్నాను. లోపల తడి గడ్డి వాసన, ఈకలు, గోడకి మావాడు ఆనుకుని కూర్చున్న చోట నూనె మరక. ఆ మరక పక్కనే నిలబడ్డాను.

"వదినా!" ఆమె గొంతు.

వాడి తరఫున ఎంతమందికి లేడని చెప్పాను! ఇప్పుడు వాడి వంతు. ఒక్కసారి, అమ్మ లేదు, కూరలకి వెళ్ళింది అంటే పోయేదానికి...

"అమ్మ లోపలే ఉంది అత్తయ్యా" అన్నాడు మావాడు. "వెనక గదిలో. రండి."

గూట్లో ఆమె సత్తుగిన్నె కనపడింది, గుడ్లు తెచ్చిన గిన్నె, ఇన్నాళ్ళూ తిరిగివ్వనిది. దాన్ని తీసి కొంగుతో తుడిచాను. తుడవడానికి అందులో ఏమీ లేదు. గడియ తీశాను.

ఆమె గుమ్మానికి ఎదురుగా నిలబడి ఉంది. నా చేతిలో గిన్నె చూసింది, నా మొహం చూసింది.

"నా సగం పిల్లల కోసం వచ్చాను" అంది.

"అన్నీ తీసుకో వదినా."

"ఒప్పుకున్నది సగమేగా. నీ సగం నాకెందుకు?"

గిన్నె ఇవ్వబోయాను. ఆమె అందుకోలేదు. ఎప్పుడో అడగాల్సిన మాట అప్పుడు గొంతులోంచి వచ్చింది, అదీ తలొంచుకునే.

"అన్నయ్య కాలు ఎలా ఉంది?"

"వచ్చి చూడు" అంది.

తిరిగి నడిచింది. మావాడు పళ్ళెం గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని ముందు బయల్దేరాడు. వాడి వెనక ఆరు పిల్లలూ వరస కట్టాయి, ఏ సగం ఎవరిదో వాటికేం తెలుసు. వాటి వెనక ఆమె. పాలామె, నవ్వినవాళ్ళు, నేను చెప్పింది నమ్మినట్టు తలూపినవాళ్ళు, అందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ఆ వరసకి అందరి కంటే చివర, ఖాళీ గిన్నె రెండు చేతులా పట్టుకుని, నేను నడిచాను.